నిమి చక్రవర్తి వలదన్న దేహము

నేడు మన గోదావరి సీమలో ఏ యింట మరణము సంభవించినను, బంధువులకు వార్త పంపిన వెంటనే విచారించునది ఫ్రీజరు పెట్టెను గూర్చి. కుమారుడు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉద్యోగము చేయుచుండును. అతనికి విమానము దొరకవలయును. హైదరాబాదులోనో గన్నవరములోనో దిగవలయును. అచ్చటినుండి తణుకు చేరవలయును. ఇందులకు రెండు మూడు దినములు పట్టును. అంతవరకు తండ్రి దేహము వసారాలో అద్దపు మూత గల పెట్టెలో నుండును. తలకడ దీపము, ప్రక్కన కరెంటు తీగ. కరెంటు పోవునేమోయని వాకిట ఒక జనరేటరు.

దీనిని చూచి ఆచారపరులగు పెద్దలు కొందరు నొచ్చుకొనుచున్నారు. నొచ్చుకొన నక్కరలేదని నా మనవి. శ్రీమద్రామాయణమున దశరథ మహారాజు రామవియోగముచే ప్రాణములు విడిచిన రాత్రి నలుగురు కుమారులలో ఒక్కడును దగ్గర లేడు. రామలక్ష్మణులు అరణ్యమున నుండిరి. భరతశత్రుఘ్నులు కేకయ దేశమున నుండిరి. కుమారుడు లేకుండ సంస్కారము జరిపించుటకు మంత్రులకు మనసొప్పలేదు. రాజదేహమును తైలద్రోణియందు, అనగా నూనె తొట్టిలో, ఉంచి దూతలను పంపిరి. భరతుడు దారిలో ఏడు రాత్రులు గడిపి అయోధ్య చేరెను. పిదపనే దహనము జరిగెను. మన ఫ్రీజరు పెట్టె ఆ తైలద్రోణి వంశములోనిదే. చరమ కైంకర్యమునకు అధికారి వచ్చువరకు దేహమును చెడనీయకుండుటయే రెండింటి ప్రయోజనము. ఆ దేహము లేచి కూర్చుండునని అయోధ్యలో ఎవరును ఎదురుచూడలేదు.

లేచునని ఎదురుచూచు శీతలపేటికలు కూడ ఈ ప్రపంచమున కలవు. అమెరికాలో మనుమలున్న ఒక వృద్ధ భాగవతుడు మొన్న నన్ను, "స్వామీ, అచ్చట చనిపోయినవారిని గడ్డకట్టించి దాచి, మందు కనిపెట్టిన పిదప లేపుదురట. అట్టివానికి అపరకర్మ చేయవలయునా, వలదా? చేసినచో తిథి యేది?" అని యడిగెను. పైకి నవ్వు పుట్టించు ప్రశ్న. విచారించినకొలది దీనిలోనుండి మన యిండ్లకే తగులు ఒక పెద్ద చిక్కు బయలుపడినది. మనిషి చనిపోయినట్లు ఎప్పుడు? ఆ మాట పలుకుట కెవరికి అధికారము?

ముందుగా ఆ విద్యను గూర్చి నాలుగు మాటలు. దానిని క్రయోనిక్స్ అందురు. 1964లో రాబర్ట్ ఎట్టింగర్ అను అమెరికా దేశస్థుడు దీనిని ప్రతిపాదించుచు గ్రంథము ప్రచురించెను. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అను ఆచార్యుడు క్యాన్సరు వ్యాధితో మరణింపగా ఆయన దేహమును మొట్టమొదట ఈ విధముగా దాచిరి. అది నేటికిని అరిజోనా రాష్ట్రమున ఆల్కార్ అను సంస్థ యొద్ద ఉన్నది. ద్రవరూపమున నున్న నైట్రోజనులో, సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో, ఈ దేహములను నిలువ చేయుదురు. ఆ చలిలో కుళ్లుట యుండదు. కొందరు దేహమంతయు, కొందరు శిరస్సు మాత్రమే దాచుటకు ఒడంబడిక వ్రాయుదురు. ఇంతవరకు ఒక్కరును లేవలేదు. లేపు ఉపాయము తమకు తెలియునని ఆ సంస్థలవారును చెప్పుకొనరు. ముందు తరములవారు కనిపెట్టుదురని వారి యాశ.

ఇందు గల విచిత్రమును గమనింపుడు. వైద్యుడు మరణించెనని ప్రకటించువరకు వారు ఆ దేహముపై చేయి వేయరాదు. వేసినచో చట్టము దానిని హత్యగా ఎంచును. ప్రకటించిన పిదప నిమిషమైన ఆలసింపరాదు. ఆలసించినచో మెదడు చెడిపోవును. కావున రోగి మంచము ప్రక్కన మంచుగడ్డలతో సిద్ధముగా నిలిచి వైద్యుని నోటి మాటకై వేచియుందురు. మాట వెలువడగనే దేహమును చల్లబరచుచు, యంత్రముతో రొమ్మును ఒత్తి రక్తమును నడిపించుచు, పిదప రక్తమును తీసివేసి మంచు పలుకులు కట్టని ద్రవమును నింపుదురు. ప్రభుత్వపు పత్రములలో అది పరిశోధనకై సమర్పింపబడిన మృతదేహము. వారి పుస్తకములలో మాత్రము అతడు రోగి. చనిపోయెనని అధికారులచే వ్రాయించుకొని, చనిపోలేదని చికిత్స మొదలుపెట్టుట యన్నమాట! మరణము అనుమానాస్పదమైనచో శవపరీక్ష తప్పదు. అప్పుడు ఈ ప్రయత్నమంతయు వ్యర్థమగును. చట్టము గీచిన గీత ఒక గడియ ముందునకు జరిగిన హత్య, వెనుకకు జరిగిన వ్యర్థము. వారి యాశ యంతయు ఆ గీత మీదనే నిలిచియున్నది.

ఆ గీత యైనను స్థిరముగా నున్నదా యనిన, లేదు. బెడ్‌ఫోర్డ్ దేహమును దాచిన 1967వ సంవత్సరమునందే, డిసెంబరు 3న, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున క్రిస్టియన్ బర్నార్డ్ అను వైద్యుడు ఒకరి గుండెను తీసి మరియొకరికి అమర్చెను. అంతవరకు గుండె ఆగుటయే మరణమని లోకమంతయు నమ్మియుండెను. వెంటిలేటరు యంత్రము వచ్చిన పిదప మెదడు పూర్తిగా నశించినను ఊపిరి ఆడుచుండుట, గుండె కొట్టుకొనుచుండుట సంభవమైనది. 1968లో హార్వర్డు విశ్వవిద్యాలయపు సంఘమొకటి మెదడు పూర్ణముగా నశించుటను మరణముగా ఎంచవచ్చునని నివేదిక ఇచ్చెను. 1981లో అమెరికాలో రూపొందించిన నమూనా చట్టము గుండె ఊపిరులు ఆగుట, మెదడు నశించుట, ఈ రెంటిలో ఏది జరిగినను మరణమే యని నిర్ణయించెను.

మన దేశమున 1969 నాటి జనన మరణ రిజిస్ట్రేషన్ చట్టము మరణమనగా జీవలక్షణము లన్నియు శాశ్వతముగా అంతరించుట యని చెప్పినది. మెదడు మాట అందులో లేదు. మన పురపాలక సంఘపు కార్యాలయమున వ్రాసి యిచ్చు మరణ ధ్రువపత్రము ఈ చట్టము ననుసరించినదే. 1994లో పార్లమెంటు అవయవ మార్పిడి చట్టము చేసినది. 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మన రాష్ట్రమునకు ప్రత్యేకముగా అట్టి చట్టము చేసినది. మెదడు కాండము, అనగా ఊపిరిని నడిపించు మెదడు మూలభాగము, తిరిగి రాని విధముగా నశించినచో అదియు మరణమే యని ఈ చట్టములు చెప్పినవి. కాని ఆ నిర్ణయమును ఒక వైద్యునికి విడిచిపెట్టలేదు. నలుగురు వైద్యుల మండలి కావలయును. అందొకరు నరముల వైద్యము తెలిసినవారు. కంటిపాప వెలుగునకు ముడుచుకొనుచున్నదా, కన్ను తాకిన రెప్ప కదలుచున్నదా, గొంతు తాకిన దగ్గు వచ్చుచున్నదా యని చూతురు. చివరకు యంత్రము నాపి, ఊపిరి తనంతట వచ్చునేమోయని కనిపెట్టుకొని యుందురు. ఈ పరీక్ష యంతయు కనీసము ఆరు గంటల వ్యవధితో రెండు మారులు జరుపవలయును. ఈ కట్టుబాటు నాకు సమ్మతముగా తోచుచున్నది. ఒకని ప్రాణమును గూర్చి తుది మాట పలుకుటకు ముందు ఆరు గంటలు ఆగుట వివేకము.

ఈ చట్టపు గీత ముందు మన తెలుగువాడొకడు నిలిచి ప్రార్థించిన కథ మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. 2004 డిసెంబరులో హైదరాబాదునందు వెంకటేశ్ అను ఇరువదియైదేండ్ల యువకుడు కండరములు క్రమముగా క్షీణించు వ్యాధితో ఆసుపత్రిలో యంత్రము మీద నుండెను. చదరంగమున నేర్పరి. తాను బ్రదుకనని అతడెరుగును. మృత్యువు తన అవయవములను పాడుచేయక ముందే వానిని తీసి ఇతరులకు అమర్చుడని అతని కోరిక. కన్నతల్లియే ఆ కోరికను హైకోర్టునకు తీసికొనిపోయెను. మెదడు కాండము నశించినదని తేలక ముందు అవయవములు తీయుటకు చట్టమున అనుమతి లేదని న్యాయస్థానము ఆ ప్రార్థనను నిరాకరించెను. డిసెంబరు 17న అతడు మరణించెను.

విచిత్రమేమన, ఇట్టి ప్రార్థననే అంతకు పండ్రెండేండ్లకు పూర్వము కాలిఫోర్నియాలో మరియొకడు చేసియుండెను. థామస్ డొనాల్డ్‌సన్ అను గణితశాస్త్రవేత్తకు మెదడులో కంతి. అది మెదడును తినివేసిన పిదప దేహమును దాచి లాభమేమి? బ్రదికియుండగనే తన్ను గడ్డకట్టింపుడని, అట్లు చేసినవారిపై నేరము మోపకుడని అతడు కోరెను. 1992లో అచ్చటి న్యాయస్థానమును ఒప్పుకొనలేదు. ఇరువురును ఒకే తలుపు తట్టిరి. ఒకడు ఇచ్చుటకు, ఒకడు ఉంచుకొనుటకు. తలుపు ఇరువురికిని తెరవబడలేదు.

ఉంచుకొనదలచిన వానిని గూర్చి న్యాయమూర్తులు చెప్పినది సరియే యనుట సులభము. ఇవ్వదలచిన వానిని గూర్చి అంత సులభముగా చెప్పజాలము. దధీచి మహర్షి తన యెముకలను దేవతల కిచ్చెను గదా, శిబి చక్రవర్తి పావురమునకై మాంసమిచ్చెను గదా, వెంకటేశ్‌ను ఏల కాదనిరి అని ఒక మిత్రుడు నాతో వాదించెను. శిబి తన మాంసమును తన చేతితోనే కోసియిచ్చెను. దధీచి కథను శ్రీమద్భాగవతము షష్ఠ స్కంధమున శ్రద్ధగా చదువుడు. దేవతలు వచ్చి యాచించిరి, మహర్షి అంగీకరించెను. కాని ఎవరును ఆయనపై చేయి వేయలేదు. ఆయన భగవంతునియందు మనసు నిలిపి యోగముచే తానే దేహమును విడిచెను. దేహము పడిన పిదపనే విశ్వకర్మ ఆ యెముకలతో వజ్రాయుధమును నిర్మించెను. మొదట ప్రాణోత్క్రమణము, పిదప గ్రహణము. ఆ వరుసను ఇంద్రునంతటివాడును మార్చలేదు. దాత ఎంత మహాత్ముడైనను, గ్రహించు చేయి హంతకుని చేయి కారాదు. ఆ యువకుని తల్లిని తలచుకొన్నపుడు నా గుండె బరువెక్కును. అయినను న్యాయస్థానము ఆ వరుసను కాపాడుట మేలే యనెదను. ఈ సడలింపు ఒకసారి మొదలైనచో, దిక్కులేని రోగి మంచము చుట్టు ఎట్టివారు చేరుదురో చెప్పనలవి కాదు.

ఇక శాస్త్రము మరణమును గూర్చి ఏమి చెప్పుచున్నది? ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలక మహర్షి కుమారుడగు శ్వేతకేతునకు ఉపదేశించుచు మరణశయ్య నొకదానిని వర్ణించెను. బంధువులు చుట్టును చేరి, తమ్ము గుర్తించుచున్నాడా యని రోగిని విచారించుచుందురట. వాక్కు మనస్సునందు చేరును. మనస్సు ప్రాణమునందు, ప్రాణము తేజస్సునందు, తేజస్సు పరదేవతయందు చేరును. మనస్సు ప్రాణమున చేరకముందు గుర్తించును. చేరిన పిదప గుర్తింపడు. భగవద్రామానుజులు శ్రీభాష్యము నాలుగవ యధ్యాయమున ఈ ఉత్క్రాంతి క్రమమునే విచారించిరి. ఈ చేరుట యనగా నశించుట కాదు, కలిసి పయనించుట యని వారి నిర్ణయము. దేహమున చివరివరకు మిగిలియుండు వెచ్చదనము జీవునితో బయలుదేరు సూక్ష్మదేహమునకు సంబంధించినదని కూడ అచ్చటనే చెప్పియున్నారు.

దీనిని పట్టుకొని మన ఋషులకు బ్రెయిన్ డెత్ ముందే తెలియునని సభలలో చెప్పుకొనుట నాకు రుచింపదు. వైద్యుడు వెదకునది దేహమున మిగిలిన చిహ్నము. ఉపనిషత్తు చెప్పునది జీవుని ప్రయాణము. కాని ఒక్కటి మాత్రము నిశ్చయము. మరణము దీపమార్పినట్లు ఒక్క క్షణమున జరుగునది యని శాస్త్రము చెప్పలేదు. మెట్లు మెట్లుగా జరుగునని చెప్పినది. గుర్తించుట పోయిన పిదపను ఊపిరి యుండును, ఊపిరి పోయిన పిదపను వెచ్చదనముండును. ఈ మెట్లలో ఏ మెట్టు మీద గీత గీయవలయునన్నది లోకవ్యవహారపు ప్రశ్న. ఆస్తి ఎవరికి, అశౌచ మెప్పటినుండి, అవయవము తీయవచ్చునా, వీనికొరకు గీత కావలయును. జీవుడు ఆ గీతను చూచి బయలుదేరడు.

వ్యవహారమునకై ఇట్టి గీతలను ధర్మశాస్త్రకారులును గీచిరి. దేశాంతరము పోయి జాడ తెలియనివానికై సామాన్యముగా పండ్రెండేండ్లు వేచియుండవలయును. పిదప 360 మోదుగాకు కాడలతో పురుషాకృతిని కూర్చి, దానిని దహించి, కర్మ జరుపవలయును. నేటి చట్టము ఈ గడువును ఏడేండ్లు చేసినది. 1872 నాటి సాక్ష్య చట్టమునను, దాని స్థానమున 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను ఇదే నియమము: ఏడేండ్లు వినబడనివాడు బ్రదికియున్నాడని చెప్పువాడే దానిని నిరూపింపవలయును. సన్న్యసించువాడు తన శ్రాద్ధమును తానే పెట్టుకొనును. ఆ నాటితో అతనికి ఇల్లు వాకిలి, ఆస్తి హక్కు లేవు. బ్రదికియుండగనే వ్యవహారమున మృతుడు!

మరి కర్మ జరిగిన పిదప ఆ పోయినవాడు తిరిగివచ్చినచో? మన నిబంధనకారులు దానిని కూడ విడిచిపెట్టలేదు. వానిని నేతి కుండలో ముంచి తీసి, స్నానము చేయించి, జాతకర్మ మొదలుకొని సంస్కారములన్నియు మరల చేయవలయును. ఉపనయనము మరల, తన భార్యనే మరల వివాహమాడవలయును. ఈ విధిని చదివినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. శాస్త్రము తాను వేసిన మరణముద్రను తుడిచివేయలేదు. పాతవాడు పోయినాడు, వీడు క్రొత్తగా పుట్టినవాడు అన్నది. కనుక ఆ వృద్ధ భాగవతునికి నేను చెప్పిన సమాధానమిది. ఊపిరి పోయినది, వైద్యుడు చెప్పెను, చట్టము వ్రాసినది, కర్మ ఆపనక్కరలేదు. తిథి ఊపిరి ఆగిన తిథియే. గడ్డకట్టించిన దినముతో పని లేదు. దేహము దొరకదు గనుక మోదుగాకు ప్రతిమ కలదు. మూడువందలేండ్లకు అతడు నిజముగా లేచి వచ్చినచో నేతి కుండయు కలదు! వచ్చినవానికి గోత్రము చెప్పువారుందురా, భార్య యుండునా యన్నవి వేరు మాటలు.

ఇంత చెప్పి దేహమును కాపాడి మరల జీవుని అందు ప్రవేశపెట్టదలచిన వృత్తాంతము మన పురాణములలో లేదనుకొందురేమో. ఉన్నది. శ్రీమద్భాగవతము నవమ స్కంధమున, విష్ణుపురాణము నాలుగవ అంశమున నిమి చక్రవర్తి కథను చూడుడు. ఇక్ష్వాకు కుమారుడగు నిమి సత్రయాగము తలపెట్టి వసిష్ఠుని ఋత్విజునిగా కోరెను. వసిష్ఠుడు తాను ముందే ఇంద్రునికి మాట యిచ్చితిననియు, తిరిగివచ్చువరకు ఆగుమనియు చెప్పి వెడలెను. జీవితము చంచలమని యెరిగిన నిమి ఆగలేదు. వేరు ఋత్విజులతో యాగము మొదలుపెట్టెను. వసిష్ఠుడు వచ్చి చూచి, దేహము పడిపోవుగాక యని శపించెను. నిమియు ప్రతిశాపమిచ్చెను. ఇరువురి దేహములును పడినవి. మునులు నిమి దేహమును సుగంధ ద్రవ్యములలో ఉంచి యాగము కొనసాగించిరి. ఆ దేహము చెడలేదు. అప్పుడే మరణించినవాని దేహమువలె నుండెనట. యాగాంతమున వచ్చిన దేవతలను మునులు ఒకటే కోరిరి: ఈ రాజును బ్రదికింపుడని. దేవతలు సరే యనిరి.

చూచితిరా! దేహము సిద్ధముగా నున్నది, చెడలేదు. బ్రదికింపగల దేవతలు ఎదుటనే యున్నారు. అరిజోనాలో ఇంతవరకు కూడిరానివన్నియు ఆ యాగశాలలో కూడివచ్చినవి. అప్పుడు నిమి తానే వలదనెను. దేహముతోడి కూడిక వచ్చినచో మరల ఎడబాటు తప్పదు. ఆ భయముచేతనే జ్ఞానులు దానిని కోరక శ్రీహరి పాదములను సేవింతురు. నీటిలో చేపకువలె దేహికి ఎచ్చటనైనను మృత్యువు పొంచియుండునని ఆయన భావము. దేవతలు ఆ మాటను మన్నించి, ప్రాణుల కన్నులయందు నివసింపుమని వరమిచ్చిరి. మనము రెప్ప వేసినపుడెల్ల నిమి ఉన్నాడని పెద్దలందురు; నిమేషమను పేరు అందులనుండియే. రాజ్యము అరాచకము కాకుండ మునులు ఆ దేహమును మథింపగా పుట్టినవాడే జనకుడు, మిథిలా వంశమునకు మూలపురుషుడు. ఆ వంశముననే జానకీదేవి పెరిగినది. నిమి తన దేహమున మరల దూరియున్నచో ఆ వంశమేది?

దేహమును కాపాడుట నింద్యమని నేననుట లేదు. 1137లో పరమపదించిన భగవద్రామానుజుల దివ్యదేహము శ్రీరంగమున ఉడయవరు సన్నిధిలో నేటికిని ఉన్నదని, పచ్చకర్పూరముతో కుంకుమపువ్వుతో దానిని సేవించుచున్నారని సంప్రదాయము. శ్రీరంగయాత్ర చేసినవారు సేవించియే యుందురు. అది తిరిగి రావలయునన్న ఆశ చేత ఉంచినది కాదు. శిష్యులు సేవించుకొనుటకు ఉంచినది. ఉంచుటలో దోషము లేదు, ఉద్దేశమే ప్రధానము.

మన దేశముననే పంజాబు రాష్ట్రమున నూర్‌మహల్ అను చోట ఆశుతోష్ మహారాజ్ అను గురువు 2014 జనవరి 29న మరణించెనని వైద్యులు నిర్ణయించిరి. శిష్యులు అది సమాధి స్థితి యనిరి. దేహమును శీతల యంత్రములో భద్రపరచిరి. కుమారుడనని చెప్పుకొన్న ఒకరు దహనమునకై న్యాయస్థానమునకు పోయిరి. 2014 డిసెంబరులో హైకోర్టు దహనము చేయింపుమనెను. 2017 జూలైలో అదే హైకోర్టు ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చి దేహమును ఉంచుకొననిచ్చెను. ఇతరుల గురుభక్తిని తూచుట నా పని కాదు. ఇంగ్లాండులో 2016లో పదునాలుగేండ్ల బాలిక యొకతె క్యాన్సరుతో మరణింపనున్నదై, తన దేహమును క్రయోనిక్స్ పద్ధతిని దాచనిండని న్యాయమూర్తిని వేడుకొనెను. తలిదండ్రులు విడిపోయినవారు, వారిలో ఏకాభిప్రాయము లేదు. న్యాయమూర్తి ఆ పద్ధతి మంచిదనియు చెప్పలేదు, చెడ్డదనియు చెప్పలేదు. దేహమును గూర్చిన నిర్ణయము తల్లిదనెను. ఆ పసిబిడ్డను నిమితో పోల్చి నిందించుటకు నాకు నోరు రాదు. పదునాలుగేండ్లకు బ్రదుకవలయునని కోరుట దోషమా?

ఇప్పుడు మన యిండ్లలోని చిక్కు. మన తణుకు మీదుగా పోవు జాతీయ రహదారిపై మోటారు సైకిళ్ల ప్రమాదములు ఎన్ని జరుగుచున్నవో మీరెరుగుదురు. తలకు దెబ్బ తగిలిన యువకుని ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. రెండు మూడు దినములకు వైద్యులు వచ్చి, మెదడు కాండము నశించినది, అవయవములు ఇత్తురాయని అడుగుదురు. రెండు తెలుగు రాష్ట్రములందును జీవన్‌దాన్ అను పథకము ఇందులకై నడుచుచున్నది. తల్లి చేయి పట్టుకొని చూచును. చేయి వెచ్చగా నున్నది. రొమ్ము లేచి పడుచున్నది. సరే యన్నచో కన్నకొడుకును చేతులార చంపినట్లగునా యని ఆ తల్లి భయము. ఈ భయముతో నాయొద్దకు వచ్చినవారు కలరు.

అమ్మా, నలుగురు వైద్యులు ఆరు గంటల యెడముతో రెండు మారులు చూచి నిశ్చయించిన పిదప అది చంపుట కాదు. ఆ లేచి పడుట యంత్రపు ఊపిరి. వెచ్చదనము ఆ ఊపిరితో నడుచు రక్తముది. దధీచి వరుస తప్పలేదు: పోవుట ముందు జరిగినది, ఇచ్చుట పిదప జరుగుచున్నది. ఇవ్వలేమన్నచో అదియు పాపము కాదు. ఎవరును బలవంతము చేయరాదు. అంగము లేని దేహమునకు సంస్కారము చెల్లదని, మరుజన్మమున కన్నులు లేక పుట్టునని కొందరు బెదరింతురు. ఇది నిరాధారము. దేహమే దొరకనివానికి మోదుగాకులతో దేహమును కల్పించి సద్గతి చూపిన శాస్త్రము, ఒక మూత్రపిండము లేదని దహనమును కాదనునా?

తుది గడియలో భగవన్నామము పలుకలేకపోయినాడే, స్పృహ లేకనే పోయినాడే యని ఏడ్చువారికి వరాహ చరమ శ్లోకమును జ్ఞప్తికి తెచ్చెదను. ఒడలు బాగుండి మనసు నిలకడగా నున్నపుడు ఒక్కసారి తన్ను తలచి శరణన్నవాడు, అంత్యకాలమున కొయ్యవలె రాయివలె పడియున్నను, వానిని తానే తలచుకొని తన చోటికి చేర్చుకొందునని వరాహస్వామి భూదేవి కిచ్చిన మాట యది. వెంటిలేటరు క్రింద పడియున్న దేహమునకు ఇంతకన్న సరిపడు మాట నేనెరుగను. జ్ఞాపకముంచుకొను పని ఆయన మీద పడినది.

తిథి విషయమున నా అభిప్రాయము: అవయవదానము చేసినవానికి రెండవ పరీక్ష ముగిసి వైద్యులు మరణమును ధ్రువీకరించిన సమయమున నున్న తిథిని గ్రహింపవలయును, మరునాడు గుండె ఆగిన తిథిని కాదు. ఫ్రీజరు పెట్టెలో నుంచినవానికి ప్రాణము పోయిన తిథియే. దహన తిథి కాదు. అశౌచమును గూడ సామాన్య గృహస్థునికి మరణమునుండియే లెక్కింతురు. నిత్యాగ్నిహోత్రము గల ఆహితాగ్నికి మాత్రమే దహనమునుండి. తిథి బొత్తిగా తెలియని యెడల ఆ మాసపు అమావాస్య నాడు ఆబ్దికము పెట్టవచ్చును. ఆసుపత్రివారిని కాగితముపై గంటలు నిమిషములతో వ్రాసి యిమ్మని అడిగి తీసికొనుడు. శోకములో ఎవరికిని ఇది తోచదు. బంధువులలో ఒకరు బాధ్యత వహింపవలయును.

ఇక ముందే చెప్పదలచినవారికి చట్టమిచ్చిన అవకాశమొకటి కలదు. కోలుకొనని స్థితిలో యంత్రములపై ఉంచవలదని ముందుగా వ్రాసిపెట్టుకొనుటను సుప్రీంకోర్టు 2018 మార్చి 9న అంగీకరించెను. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభము చేసెను. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువపరచిన చాలును. అవయవములు ఇయ్యదలచినవారు ఆ మాటను బిడ్డలకు నోటితో చెప్పవలయును. ఆసుపత్రి వసారాలో వైద్యులు అడుగునది మిమ్ము కాదు, వారినే. కర్మ ఎవరు చేయవలయును, అమెరికా కొడుకు రాలేకపోయినచో ఎవరికి అధికారము, పెట్టెలో ఎన్ని దినములు ఉంచవచ్చును, ఇవియు ఆ కాగితమునందే వ్రాయుడు. సంతకము చేయుటకు ముందు ఒకసారి శరణాగతి చేసికొని, పిదప చేయుడు.